హాకీ పరికరములు (మంచు హాకీ, రోలర్ హాకీ)

మంచు హాకీ, రోలర్ హాకీ అను క్రీడలయందు ఆటగాండ్రు ధరించునట్టియు, ప్రయోగించునట్టియు సాధనసముదాయమునకు హాకీ పరికరములని వ్యవహారము. మంచు హాకీలో పక్షమునకు ఆరుగురు చొప్పున ఆటగాండ్రు ఉక్కు అలుగులు గల స్కేట్లను ధరించి, పక్ అనబడు గట్టి రబ్బరు బిళ్లను కర్రలతో తోలుచు, ప్రత్యర్థుల గోలులోనికి పంప యత్నింతురు. ఈ బిళ్ల వ్యాసము 3 అంగుళములు, మందము 1 అంగుళము, బరువు సుమారు 160 గ్రాములు. ఎగిరిపడకుండుటకై ఆటకు ముందు దానిని గడ్డకట్టింతురు. రోలర్ హాకీయందు మంచునకు మారుగా నున్నని నేలయు, అలుగులకు మారుగా చక్రములును ఉండును.

ఈ పరికరముల చరిత్రయందు ఒక క్రమము పునఃపునః గోచరించును. తొలుత ఒకానొక ఆటగాడు తన యవసరమునుబట్టి స్వయముగా చేసికొన్న మార్పు కొంతకాలమునకు కర్మాగారపు సరకగును. అది మితిమీరినపుడు నియమావళి దానిని కట్టుబాటు చేయును. కాలము చెల్లిన పిమ్మట అదియే సంగ్రాహకుల యలమరలయందు చారిత్రక సాక్ష్యముగా నిలుచును. కావున హాకీ పరికరముల నిర్మాణమును, వానిని ఆటగాండ్రు మలచుకొను విధమును, ఔత్సాహికులు వానిని సేకరించి చర్చించు సంప్రదాయమును ఒకటిగానే పరిశీలింపవలసియున్నది.

కర్ర

1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరమందలి విక్టోరియా స్కేటింగ్ రింకులో హాలిఫాక్సు వాస్తవ్యుడగు జేమ్స్ క్రైటన్ ఏర్పాటు చేసిన పోటీని, కప్పు క్రింద జరిగిన తొలి వ్యవస్థిత మంచు హాకీ పోటీగా పరిగణింతురు. ఆనాడు బంతికి బదులు కొయ్యబిళ్లను వాడిరి. ఆ కాలమున నోవాస్కోషియా ప్రాంతపు మిక్మాక్ జాతివారు కర్రలు చెక్కుటలో సిద్ధహస్తులు. వారు హార్న్‌బీమ్ చెట్టును, తరువాత పసుపు బర్చి చెట్టును ఎన్నుకొని, వేరును మ్రానును కలియు చోటనుండి ఒంటితునకగా కర్రను తీయుచుండిరి. అచట కొయ్య యీనెలు వంపు వెంటనే సాగును గనుక అట్టి కర్ర దెబ్బకు విరుగుట అరుదు. డార్ట్‌మౌత్ పట్టణమందలి స్టార్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఇట్టి కర్రలను మిక్-మాక్ అను ముద్రతో కెనడాలో విక్రయించెను.

గిరాకి పెరిగి తగిన చెట్లు తరిగిపోవగా, పిడిని వేరుగాను అలుగును వేరుగాను చేసి జిగురుతో అతుకు పద్ధతి వచ్చెను. పిదప పలుచని కొయ్యపొరలను అంటించి, పైన ఫైబర్‌గ్లాసు చుట్టుట వాడుకయయ్యెను. 1949లో క్విబెక్ రాష్ట్రమున పుట్టిన షేర్‌వుడ్, ఫిన్లాండు దేశపు కోహో, టైటన్ అను సంస్థలు ఈ కొయ్యకర్రల యుగమున ప్రఖ్యాతి గాంచినవి. 1980లలో అల్యూమినియము పిడులు ప్రవేశించినవి. 2000 ప్రాంతమున ఈస్టన్ సంస్థ విడుదల చేసిన సినర్జీ అను ఒంటితునక కార్బన్ కర్ర కొలది సంవత్సరములలోనే కొయ్యను వృత్తిక్రీడనుండి దాదాపుగా తొలగించెను. కొయ్యకర్రలలో ఏ రెండును ఒక్కరీతిగా ఉండవు. కార్బన్ కర్రలు అచ్చున పోసినవగుటచే అన్నియు ఒక్కటే. అవి తేలికయైనవి; నేటి మేలురకపు కర్ర 400 గ్రాములకు లోబడియుండును. కొట్టునపుడు వంగి, తిరిగి నిటారగునపుడు ఆ శక్తిని బిళ్లకు అందించును. అయినను బిళ్ల తాకిడి చేతికి తెలియుటలో కొయ్యకు సాటి లేదని వాదించువారు నేటికిని కలరు.

వంపు

కర్ర అలుగు 1960ల వరకు చాలవరకు తిన్ననిదిగా ఉండెను. చికాగో బ్లాక్ హాక్స్ జట్టునకు చెందిన స్టాన్ మికిటా అభ్యాససమయమున తన కర్ర అలుగు చీలి వంగిపోగా, విసుగుతో దానితోనే బిళ్లను కొట్టెననియు, అది అపూర్వవేగముతో దూసుకొనిపోవుట గమనించి వంపును బుద్ధిపూర్వకముగా కల్పింప నారంభించెననియు ప్రసిద్ధి. న్యూయార్కు రేంజర్స్ ఆటగాడు ఆండీ బాత్‌గేట్ సైతము వంపు అలుగును వాడినవారిలో ఒకడు. మికిటాయు, ఆతని సహచరుడు బాబీ హల్లును అలుగులను వేడినీట నానబెట్టి, తలుపుసందున బిగించి వంచుచుండిరి. ఆ వంపువలన బిళ్ల గాలిలో అనూహ్యముగా దిగుచు మెలికలు తిరుగుచు వచ్చుటచే, ఆనాడు ముఖరక్షణ లేని గోలురక్షకులు భీతిల్లిరి. తత్ఫలితముగా ఉత్తర అమెరికా వృత్తి లీగగు నేషనల్ హాకీ లీగ్ వంపునకు పరిమితి విధించి, దానిని క్రమముగా తగ్గించుచు 1970 నాటికి అర అంగుళముగా నిర్ణయించెను. 2006లో అది ముప్పాతిక అంగుళమునకు సడలింపబడెను.

ఈ నియమము ఫలితమునే తారుమారు చేసిన ఘట్టము 1993 స్టాన్లీ కప్ తుదిపోటీలలో సంభవించెను. రెండవ ఆట ముగింపుదశలో ఒక గోలు వెనుకబడిన మాంట్రియల్ కెనడియన్స్ శిక్షకుడు జాక్ డెమేర్స్, లాస్ ఏంజెలెస్ కింగ్స్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ కర్రను కొలువుమని కోరెను. వంపు హద్దుమీరినదని తేలి ఆతడు శిక్షాస్థానమునకు వెడలెను. ఎరిక్ డెజార్డెన్ వెంటనే ఆటను సమము చేసి, అదనపు కాలమున మరల గోలు సాధించి జట్టును గెలిపించెను. కప్పును మాంట్రియలే కైవసము చేసికొనెను.

స్కేట్లు

మొదట అలుగులను మామూలు బూట్లకు పట్టీలతో బిగించుకొనెడివారు. 1860లలో స్టార్ సంస్థ తయారుచేసిన ఆక్మే స్కేట్లు, ఒక మీటను నొక్కిన మాత్రమున బూటును పట్టుకొనునట్టివగుటచే బహుళప్రచారము నొందినవి. సైకిళ్ల తయారీకై 1899లో స్థాపితమైన కెనడా సైకిల్ అండ్ మోటార్ కంపెనీ, అనగా నేటి సీసీఎం, సైకిళ్ల మోజు తగ్గుటతో 1905 ప్రాంతమున స్కేట్ల అలుగులకు పూనుకొనెను. ఆ రోజులలోనే మానిటోబాలోని బ్రాండన్ పట్టణమున జార్జి టాకబెరీ అను చర్మకారుడు, హాకీ ఆటగాడగు జో హాల్ కొరకు కంగారూ తోలుతో దృఢమగు బూట్లను కుట్టెను. ఒక్కని పాదములకై కుట్టిన ఆ నమూనాయే వ్యాప్తి చెంది, టాకబెరీ మరణానంతరము 1937లో సీసీఎం హక్కులు కొనుటతో టాక్స్ అను పేర స్థిరపడెను. ఒంటారియోలోని కిచెనర్ పట్టణమున 1927లో మొదలైన బౌయర్, బూటును అలుగును విడదీయరాని ఒకే వస్తువుగా అమ్మిన తొలి సంస్థలలో నొకటి. 1970లలో అలుగును పట్టియుంచు ఉక్కుగొట్టముల స్థానమున టూక్ అను ప్లాస్టిక్ ఆధారములు రాగా స్కేట్ల బరువు తగ్గెను.

రక్షణసాధనములు

గోలురక్షకుల కాళ్లకు తొలి రక్షణ క్రికెట్ ఆటనుండి వచ్చెను. 1896 ఫిబ్రవరి 14న జరిగిన స్టాన్లీ కప్ పోటీలో విన్నిపెగ్ విక్టోరియాస్ గోలురక్షకుడు జార్జి మెరిట్ తెల్లని క్రికెట్ ప్యాడ్లు ధరించి నిలువగా, ఆతని జట్టు 2-0 తేడాతో నెగ్గెను. బిళ్ల ఆ ప్యాడ్లకు తగిలి గోలులోనికే జారుచున్న లోపమును సవరించుటకై, గుఱ్ఱపు జీనుసామగ్రి బాగుచేయు ఎమిల్ కెనెస్కీ హామిల్టన్ నగరమున వెడల్పును అంచుకట్టును గల ప్యాడ్లను రూపొందించెను. తోలుసంచిలో బూరుగుదూదిని, జింకరోమమును కూరిన ఈ ప్యాడ్లు దశాబ్దములపాటు ఆదర్శములైనవి. అవి తడిసినకొలది బరువెక్కెడివి. కృత్రిమపదార్థములు వచ్చిన పిదప ఆ బాధ తీరెను. ప్యాడ్ల పరిమాణము మాత్రము పెరుగుచుండుటచే 2005లో నేషనల్ హాకీ లీగ్ వాని వెడల్పును 12 అంగుళములనుండి 11 అంగుళములకు కుదించెను.

ముఖత్రాణము ఆలస్యముగా వచ్చెను. 1930లో మాంట్రియల్ మెరూన్స్ గోలురక్షకుడు క్లింట్ బెనెడిక్ట్ తోలు ముఖత్రాణమును కొలది ఆటలలో ధరించి, చూపునకు అడ్డగుటచే విడిచెను. 1959 నవంబరు 1న న్యూయార్కులో బాత్‌గేట్ కొట్టిన బిళ్ల ముఖమునకు తగిలి గాయపడిన మాంట్రియల్ గోలురక్షకుడు జాక్ ప్లాంట్, ఫైబర్‌గ్లాస్ కెనడా ఉద్యోగి బిల్ బర్చ్‌మోర్ తన ముఖపు అచ్చుపై చేసియిచ్చిన ముఖత్రాణము లేనిదే తిరిగి ఆడనని పట్టుపట్టెను. వేరొక గోలురక్షకుడు లేనందున శిక్షకుడు టో బ్లేక్ అంగీకరింపక తప్పలేదు. ఆ రాత్రి మాంట్రియల్ 3-1తో గెలిచెను. తరువాత బోస్టన్ గోలురక్షకుడు జెర్రీ చీవర్స్, తన ముఖత్రాణముపై దెబ్బ తగిలిన ప్రతిచోటను, అది లేనిచో పడియుండెడి కుట్లను నల్లరంగుతో గీయించెను. నేడు గోలురక్షకుల ముఖత్రాణములను అలంకరించు చిత్రకళకు ఇదియొక ప్రధానమగు మూలము.

1968 జనవరిలో మినసోటా ఆటగాడు బిల్ మాస్టర్టన్ మంచుపై పడి తలకు తగిలిన గాయముచే మృతినొందినను, శిరస్త్రాణము నేషనల్ హాకీ లీగ్‌లో అనివార్యమగుటకు 1979 వరకు ఆగవలసివచ్చెను. అప్పటికే ఒడంబడిక గల ఆటగాండ్రకు మినహాయింపు ఉండుటచే, శిరస్త్రాణము లేని కడపటి ఆటగాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997 వరకు ఆడెను. 2023 అక్టోబరులో ఇంగ్లాండునందు ఆటగాడు ఆడమ్ జాన్సన్ కంఠమునకు స్కేటు అలుగు తగిలి మరణించిన పిమ్మట, అంతర్జాతీయ మంచు హాకీ సమాఖ్య తన పోటీలలో కంఠరక్షను విధిగా చేసెను.

రోలర్ హాకీ

1863లో జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రముల స్కేటును తిరుగుటకు అనువుగా సంస్కరించిన తరువాత రింకులు వెలసి, వానియందు హాకీ ప్రవేశించెను. నాలుగు చక్రముల స్కేట్లతో ఆడు ఈ హాకీ 1992 బార్సిలోనా ఒలింపిక్సునందు ప్రదర్శనక్రీడగా ఆడబడెను. చక్రములు ఒకే వరుసలో నుండు స్కేట్లకు నేటి ప్రచారము, 1980 ప్రాంతమున మినియాపోలిస్ నగరమున స్కాట్ ఆల్సన్ సోదరులు మంచు లేని ఋతువునందు హాకీ అభ్యసించుటకై చేసిన ప్రయత్నమునుండి కలిగెను. ఆ ప్రయత్నమునుండి పుట్టిన సంస్థయే రోలర్‌బ్లేడ్. 1993లో రోలర్ హాకీ ఇంటర్నేషనల్ అను వృత్తి లీగ్ ఆరంభమై, ఆ దశాబ్ది ముగియుసరికి అంతరించెను. పోటీలకు తేలికయగు ప్లాస్టిక్ బిళ్ల, కప్పు క్రింది నేలకు మెత్తని చక్రములు, బయటి గరుకునేలకు గట్టి చక్రములు ఏర్పడినవి. ముందు చిన్న చక్రములను, వెనుక 80 మిల్లీమీటర్ల చక్రములను అమర్చు హై-లో చట్రము, మంచుస్కేటువలె శరీరమును ముందునకు వంచి నిలుపును.

మలచుకొనుట

అంగడిలో కొన్న కర్ర ఆటగాని చేతికి వెంటనే పనికిరాదు. అతడు దానిని తన యెత్తునకు కోయును. కర్రపై ముద్రించిన ఫ్లెక్స్ సంఖ్య, దానిని ఒక అంగుళము వంచుటకు ఎన్ని పౌన్ల బలము కావలయునో సూచించును. కోసినకొలది కర్ర బిరుసెక్కును గనుక ఎంత కోయవలెనన్నది విచారణీయము. పిమ్మట అలుగునకు గుడ్డటేపు చుట్టి మైనము పూసి, పిడి కొనయందు టేపుతో ముడి కట్టుదురు. బోస్టన్ ఆటగాడగు బాబీ ఆర్ వలె అలుగునకు అత్యల్పముగా టేపు చుట్టినవారును కలరు. స్కేటు అలుగు అడుగున సానరాతితో గాడి తీసినచో ఇరుప్రక్కల రెండు అంచులేర్పడును. గాడి లోతైనచో అంచులు మంచును గట్టిగా పట్టును, లోతు తగ్గినచో జారుడు పెరుగును. సాధారణముగా అర అంగుళపు వ్యాసార్ధము వాడుక. నేటి బూట్లను వేడిచేసి పాదమునకు సరిపడునట్లు అణచుదురు. మంచుబూటునుండి అలుగుల ఆధారమును తొలగించి, ఆ స్థానమున చక్రముల చట్రమును రివెట్లతో బిగించి రోలర్ స్కేటుగా మార్చుట ఔత్సాహికులకు ప్రీతికరమగు పని.

సంగ్రహణము, పరిజ్ఞానము

నిపుణుల సంభాషణయందు అలుగు వంపులకు ఆటగాండ్ర పేర్లు, సంకేతసంఖ్యలు రూఢములైనవి. బౌయర్ వారి పి92 వంపు తొలుత నాస్లుండ్ పేరను, పిదప బాక్‌స్ట్రోమ్ పేరను అమ్ముడుపోయెను. వృత్తి ఆటగాండ్రకై తయారై మిగిలిన కర్రలను ప్రో స్టాక్ అందురు. పాత నమూనాను వదలనొల్లని ఆటగానికి సంస్థలు ఆ పాత కర్రకే కొత్త నమూనా రంగులు పూసియిచ్చుట కలదు గనుక, రంగును నమ్మక నిర్మాణమును చూచి గుర్తించుట రసజ్ఞుల పరీక్ష. యాజమాన్యములు చేతులు మారుటచే అంగడినుండి తొలగిన యోఫా, కోహో, టైటన్, ఈస్టన్ మొదలగు పాత ముద్రల వస్తువులకు సంగ్రాహకులలో ఆదరము మెండు.

టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ ఇట్టి వస్తువులకు ప్రధాననిలయము. 1830ల నాటి మొఫట్ కర్ర కేప్ బ్రెటన్ దీవియందు ఒకే మేపుల్ కొయ్యనుండి చెక్కబడినది. దానిని 2008లో 1,000 డాలర్లకు కొన్న ఒక సంగ్రాహకునినుండి కెనడా చరిత్ర వస్తుసంగ్రహాలయము 2015లో 3,00,000 డాలర్లకు గ్రహించెను. 1972లో సోవియట్ జట్టుపై విజయగోలు సాధించిన కెనడా ఆటగాడు పాల్ హెండర్సన్ చొక్కా 2010 వేలమున పది లక్షల డాలర్లకు మించి పలికెను. ఇట్టి మూల్యములు మోసమునకును తావిచ్చును. కావున బిళ్ల తాకిన నల్లని గుర్తులను, టేపు శేషములను, చిరుగులను, అతుకులను ఆనాటి ఛాయాచిత్రములతో పోల్చి నిర్ధారించు శాస్త్రము వృద్ధినొందెను. అందుచే మిగిలిన పురావస్తువులకు దోషమనిపించు గాటు, మరక ఇచట విలువను పెంచును.

భారతదేశమున

లడఖ్ నందు తొలితరమువారు సైనికబూట్లకు ఇనుప అలుగులను తగిలించుకొని చెరువుల మంచుపై ఆడుచుండిరి. 1989లో భారతదేశము అంతర్జాతీయ మంచు హాకీ సమాఖ్యలో చేరెను. భారత మహిళా జట్టు తన తొలి అంతర్జాతీయ పోటీలను 2016లో ఆడెను. 2018 జనవరిలో కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ పరికరములను వెంటగొని లడఖ్‌నకు వచ్చెను. హైదరాబాదు, విశాఖపట్టణములలోని స్కేటింగ్ రింకులయందు రోలర్ హాకీకి ఆదరము కలదు. మంచుపరికరములు మాత్రము ఎక్కువగా దిగుమతిపైనను విదేశీయుల దానములపైనను ఆధారపడియున్నవి. టొరంటోలో అలమర చేరదగిన పాత స్కేటు లడఖ్‌లో ఇంకను ఆటకే వినియోగపడును. ఈ కొఱత తీరువరకు అచట సంగ్రహణముకంటె మరమ్మతునకే ప్రాధాన్యము.