పలుకును వ్రాఁతయు: ఫ్రెంచి తెలుఁగులకుఁ గల యొక సామ్యము

హైదరాబాదు నగరమధ్యమున అమీరుపేటయుఁ బంజాగుట్టయు నొండొంటిని దాఁకియుండు పేటలు. అందు మొదటిది శిక్షణశాలలకుఁ బేరుగన్నది. కంప్యూటరువిద్య కొఱకును, ఉద్యోగపరీక్షల కొఱకును తెలుఁగునాఁటి నలుమూలలనుండి యువకు లిచటికి వచ్చుచుందురు. ఇంటరుమీడియెట్టునందు ఫ్రెంచిని ద్వితీయభాషగాఁ జదివినవారును వీరిలోఁ గలరు. పుస్తకమును గంఠపాఠము చేసి మంచి మార్కులు పడసిన యట్టివాఁడు, ఫ్రెంచివాఁడు చనవుగా మాటలాడఁగా విన్నచో, తాను నేర్చినది వేఱొక భాషయా యని సంశయించును. ఈ సంశయము నిర్హేతుకము కాదు. వ్రాఁతకును బలుకునకును గల దూరము భాషకుఁ గళంకము కాదనియు, దానిని దాఁచి బోధించుటయే విద్యార్థులకుఁ గీడనియు నిచటఁ బ్రతిపాదింపఁబడును.

మొదట నీ పేటల పేళ్లనే చూతము. 'అమీరు' అరబ్బీపదము, ప్రభు వని యర్థము. 'పేట' మన మాట. 'పంజా' పారసీకము, అయిదువ్రేళ్ల హస్తమునకుఁ బేరు. 'గుట్ట' అచ్చ తెలుఁగు. విభజించినచో నీ పేళ్ల పూర్వభాగము అన్యదేశ్యము, ఉత్తరభాగము దేశ్యము. ఇట్టి కూర్పు ఏ పండితుని యనుమతియు వేఁడక జనుల నోటఁ బుట్టినది. తెలుఁగువ్రాఁతలో 'పేట' యని యజంతముగా నున్నది, నగరవాసుల నోట 'పేట్' అని హలంతమైనది. ఇంగ్లీషులిపిలోఁ బంజాగుట్ట తొలియక్షరమునకు 'యు' అను వర్ణమును వాడుదురు, పంజాబునకును నట్లే. ఆ సంప్రదాయ మెఱుఁగని పరదేశి 'పుంజాగుట్ట' యని చదువును. వ్రాఁత పలుకునకు గుర్తేకాని ప్రతిబింబము కాదనుట కింతకన్న దగ్గఱి నిదర్శన మక్కఱలేదు.

ఫ్రెంచిభాష యీ నగరమునకుఁ గొత్త కాదు. 1751లో బుస్సీ సలాబతుజంగునకుఁ దోడుగా దక్కనునకు వచ్చినది మొదలు ఫ్రెంచి సేనానులు నిజాము కొలువునఁ బలుకుబడి గలవారైరి. వారిలోఁ గడపటి ప్రముఖుఁడు రేమోఁ. ఇతఁడు నిజామలీఖానునకు సేనాధిపతియై 1798లోఁ గాలధర్మము నొందెను. ఇతని సమాధి నగరమునకుఁ దూర్పున నున్నది. జనులు 'మొస్యో రేమోఁ' అను పిలుపును విని మహమ్మదీయులు 'మూసా రహీము' అనియు, హిందువులు 'మూసా రాము' అనియుఁ బలికిరి. మూసారాంబాగు పేరున కిదియే మూలము. ఫ్రెంచివా రా గౌరవపదమును వ్రాయునపుడు నకార రేఫములు రెండును గలవు. పలుకునపుడు రెండును లేవు. మన పూర్వులు లేఖ్యరూపము నెఱుఁగరు. చెవిఁ బడినదానినే నిలిపిరి. కావున నా పేరునందు ఫ్రెంచివారి వ్రాఁత కాక వారి పలుకే నేఁటికిని వినఁబడుచున్నది.

ఆ భాషలో నీ దూర మక్షరములయం దొకటి, వ్యాకరణమునం దొకటి యని రెండు తెఱఁగులు. అక్షరములమాట మొదట. పురుగు, వైపు, ఆకుపచ్చ, గాజు అను నర్థములు గల నాలుగుపదములను వా రొక్కటే విధముగా 'వేర్' అని పలుకుదురు. వ్రాయుటలో మాత్రము నాలుగు విధములు. 'మాటలాడు' అను ధాతువునకు వర్తమానమున నేను, నీవు, వాఁడు, వారు అను కర్తలకుఁ జెల్లు రూపములు వ్రాఁతలో నన్నియు నొక్కటియే కాకున్నను వినికిడికి 'పార్ల్' అను నొక్కటియే. కావుననే ఫ్రెంచివాఁడు సర్వనామమును విడువఁజాలఁడు. తెలుఁగువాఁడు 'వచ్చితిని' యని యూరకున్నను కర్త తెలియును. మన ప్రత్యయములు చెవికిఁ జేరునట్టివి.

వ్యాకరణభేద మింతకన్న గాఢము. వ్యతిరేకమునకు వ్రాఁతలో 'న', 'పా' అను రెండవ్యయము లావశ్యకములు. నిత్యసంభాషణమున మొదటిది తఱచుగా లోపించును. 'నా కెఱుక లేదు' అనుటకు వ్రాఁతరూపము 'జ న సే పా'. ఇంటిమాట 'శే పా'. 'మనము' అనుటకు వ్రాఁతలో 'నూ'. వాడుకలో 'ఒఁ' అను ప్రథమపురుషైకవచనము. ప్రశ్నించునపుడు వ్రాఁతలోఁ గ్రియ ముందు, కర్త వెనుక. పలుకులో స్వరము హెచ్చించుటయే చాలును.

భూతకాలమున నీ భేదము మన పండితులకు మిక్కిలి రుచించునట్టిది. 'వాఁడు పాడెను' అనుటకు ఫ్రెంచికథలలోను జరిత్రలలోను నొక శుద్ధభూతరూపము గలదు. సంభాషణమున నది దాదాపు వినఁబడదు. అచట సహాయక్రియకు భూతకృదంతమును జేర్చి చెప్పుదురు. తెలుఁగునందును నిట్లే జరిగినది. 'పాడెను' అనునది కావ్యములను, గ్రాంథికవచనమును నాశ్రయించినది. పలుకులో 'పాడిన' యను విశేషణమునకు సర్వనామాంశము చేరఁగా నైన 'పాడినాఁడు' నిలిచి, కోస్తాసీమలో 'పాడాడు' ఆయెను, తెలంగాణమున 'పాడిండు' ఆయెను. ఒండొంటితో నేమాత్రము చుట్టఱికము లేని రెండు భాషలు పాతభూతరూపమును వ్రాఁత కప్పగించి, కృదంతముతోఁ గ్రొత్తదానిని నోటికొఱకు నిర్మించుకొన్నవి. దీనిని భ్రష్టత యనుట తగునా?

ఇట్టి దూర మేల కలుగును? వ్రాఁత నిలుకడ గోరును. పలుకు కాలముతో నడచును. 1635లో స్థాపితమైన ఫ్రెంచి అకాడమీ 1694లోఁ దన తొలినిఘంటువును వెలువరించెను. పలుకు మాఱినను లిపి పెక్కుకాలము మాఱలేదు. ఆ భాష తన పేరునే 'ఫ్రాన్స్వా' యన్నట్లు వ్రాసి 'ఫ్రాఁసే' యని పలుకుచుండెను. 1835 నాఁటి యాఱవకూర్పునఁ గాని యకాడమీ పలుకునకుఁ దగిన వ్రాఁత నంగీకరింపలేదు. విశేష మేమనఁగా, 1647లో వోజెలా తన గ్రంథమున సాధుప్రయోగమునకుఁ బ్రమాణముగా రాజసభలోని శిష్టుల పలుకును, సద్గ్రంథకర్తల వ్రాఁతను గలిపి గ్రహించెను. అనఁగా నేఁటి శిష్టలేఖ్యమును నొకనాఁ డెవరిదో నోటిమాటయే. 1929లో హెన్రీ ఫ్రే 'తప్పుల వ్యాకరణ' మను గ్రంథము రచించి, జనులు చేయు తప్పులు యాదృచ్ఛికములు కావనియు, భాషావసరములను దీర్చునవనియు నిరూపింపఁ బూనెను.

మనవారి చరిత్రమును దీని ప్రక్క నుంచి చూతము. 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణము వెలువడి వచనమునకు గ్రాంథికమర్యాదను స్థిరపఱచినవి. 1897లో నచ్చైన కన్యాశుల్కము పాత్రల నోట వాడుకభాషను బలికించెను. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికపక్షమున నిలిచెను. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయపు వచనరచనోపసంఘమున కసమ్మతిపత్రము సమర్పించిరి. గిడుగు రామమూర్తిపంతులుగారు శాసనములనుండియు, వ్యాఖ్యానములనుండియు నుదాహరణములు చూపి వ్యావహారికము నేఁటి కల్పన కాదని వాదించిరి. 1919లో వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజ మేర్పడెను. క్రమముగాఁ బత్రికలును, పాఠ్యపుస్తకములును వారి త్రోవఁ ద్రొక్కెను.

అయినను వివాద మంతటితో ముగియలేదు. రామమూర్తిపంతులుగారు కోరినది శిష్టవ్యావహారికము. ఆచరణమునఁ బుస్తకములకెక్కినది ప్రధానముగాఁ గృష్ణాగోదావరీమండలముల శిష్టుల పలుకు. నిజాము రాష్ట్రమున నుర్దూ రాజభాషయై, 1918లో స్థాపితమైన యుస్మానియావిశ్వవిద్యాలయమున బోధనభాషయు నైనందున, నిచటి తెలుఁగు 1901 నాఁటి శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1926 నాఁటి గోలకొండపత్రిక వంటివాని యాశ్రయమునఁ బెరిగినది. ఇచటి బాలున కింటిలో 'పాడిండు', పాఠమున 'పాడాడు', పద్యమున 'పాడెను' అని మూఁడురూపములు తారసిల్లును. మొదటిదానిని దప్పని కొట్టివేసినచో వాఁడు తన తల్లి మాటకే సిగ్గుపడును. ఆగస్టు 29 గిడుగువారి జన్మదినము తెలుఁగుభాషాదినోత్సవము. సెప్టెంబరు 9 కాళోజీ నారాయణరావుగారి జన్మదినము తెలంగాణభాషాదినోత్సవము. పలుకునకే గౌరవము గోరిన యిరువురకు రెండు దినము లేర్పడుట, తొలివాదము తీర్పని ప్రశ్న యొకటి మిగిలెనని చాటుచున్నది.

పలుకున కింత స్వేచ్ఛ యిచ్చినచో వ్రాఁత యూరికొక తీరు కాదా, పూర్వగ్రంథములు దురవగాహములు కావా యని యాక్షేపింతురేని, అది యోచింపఁదగిన మాటయే. వ్రాఁతకు నియమ ముండవలసినదే. ఈ పుటలయందలి యరసున్న నేఁటి వాడుకలో నుచ్చరింపఁబడదు. అయినను సంవత్సరమగు 'ఏఁడు'ను సంఖ్యయగు 'ఏడు'ను గంటికి వేఱుపఱచుచున్నది. ఫ్రెంచివారి మూకాక్షరములును నీ పనియే చేయును. కాని నియమ మొక్కటి, నింద యొక్కటి. ఇది వ్రాఁతరూపము, ఇది పలుకురూపము, ఇది యీ సీమ పలుకు, ఇది యా సీమ పలుకు అని పేరిడి బోధించినచో వ్రాఁతకు హాని లేదు, పలుకునకు నవమానము లేదు. అమీరుపేటలో ఫ్రెంచి నేర్చువానికిఁ దొలినాఁడే యీ భేదము తెలుపుట యుక్తమైనచో, పంజాగుట్టబడిలోఁ దెలుఁగు చదువు బాలునకుఁ దెలుపుట మఱింత యుక్తము. బడిపండితులు దీనిని విచారించి, మూఁడురూపములను నల్లబల్లపై నొక్కవరుసను వ్రాసి చూపుదురుగాక.