జేసన్ ఎక్కడ నెగ్గింది, ఎందుకు?

వేర్వేరు భాషల్లో రాసిన రెండు ప్రోగ్రాంలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలంటే రెంటికీ సమ్మతమైన రాత ఒకటి ఉండాలి. వెబ్‌లో ఇప్పుడు ఆ స్థానం ఎక్కువగా జేసన్‌దే. తేలిగ్గా ఉండబట్టే అది ఎక్స్‌ఎంఎల్‌ను వెనక్కి నెట్టిందంటారు. అది సగం నిజమే. మిగతా సగం రెంటి పుట్టుకలో ఉంది. ఎక్స్‌ఎంఎల్‌ది పత్రాల వంశం. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, మరో ఇద్దరు కలిసి రూపొందించిన జీఎంఎల్ దాని మూలం. అందులోంచి వచ్చిన ఎస్‌జీఎంఎల్ 1986లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. దాన్నే వెబ్ కోసం కుదించి 1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎంఎల్‌గా వెలువరించారు. అధ్యాయాలను విడదీయడం, వాక్యం మధ్యలో ఒక మాటకు గుర్తు పెట్టడం దానికి వెన్నతో పెట్టిన విద్య. సరుకు పేరూ ధరా పంపాలన్నప్పుడే చిక్కు. ప్రతి విలువకూ తెరిచే ట్యాగు, మూసే ట్యాగు కావాలి. విలువను ట్యాగుల మధ్య రాయాలా, ఆట్రిబ్యూట్‌గా రాయాలా అన్న తగవు సరేసరి.

2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ జావాస్క్రిప్ట్‌లో అప్పటికే ఉన్న రాతనే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య వాడారు. అదే జేసన్. తాను దాన్ని కనుగొన్నానే తప్ప సృష్టించలేదని క్రాక్‌ఫర్డ్ చెప్పుకున్నది వినయానికి కాదు, నిజంగానే అంతే. ప్రతి బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఉండటం వల్లే అది గెలిచిందన్న వాదన మొదటి రోజులకు సరిపోతుంది. పైథాన్, జావా, గో వాడేవాళ్లకు ఆ మొహమాటం ఏముంది? పేరు-విలువ జతలు, వరుస జాబితాలు ఆ భాషలన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. జేసన్ వాటికి అతికినట్టు సరిపోయింది. క్రాక్‌ఫర్డ్ అందులో వ్యాఖ్యలకు కూడా చోటివ్వలేదు, వెర్షన్ సంఖ్య పెట్టలేదు. ఆ పొదుపుకు మూల్యమూ ఉంది. తేదీకి ప్రత్యేక రకం లేదు. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యల్లో చాలా పెద్ద పూర్ణాంకాలు కచ్చితంగా నిలవవు కాబట్టి, ట్విట్టర్ తన ట్వీట్ల సంఖ్యలను 2010 నుంచి అక్షరాల వరుసగా కూడా పంపాల్సి వచ్చింది.

పుట్టుకే అంతా తేలిస్తే, పత్రం కాని సమాచారానికి ఎక్స్‌ఎంఎల్ ఇంకా ఎందుకు? మన దేశంలో జీఎస్టీ పోర్టల్‌కు రిటర్నులు జేసన్ ఫైళ్లుగా వెళుతున్నాయి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ మాత్రం ఎక్స్‌ఎంఎల్‌లో వస్తుంది. దీనికి ఒక జవాబు డిజిటల్ సంతకం. ఖాళీలు, వరుస మారినా సంతకం చెల్లాలంటే రాతకు ఒకే స్థిర రూపం నిర్ణయించాలి. ఎక్స్‌ఎంఎల్‌కు ఆ సంతకపు ప్రమాణం 2002లోనే వచ్చింది. జేసన్‌కు అలాంటి స్థిర రూపాన్ని వివరించే ఆర్‌ఎఫ్‌సీ 8785 వెలువడింది 2020లో.