పాముకెదురుగా చేత నుండవలసిన దేమి?

తొలకరి పడినది మొదలు మన పల్లెలలో ప్రొద్దుగ్రుంకిన తరువాత దొడ్డిలోనికి పోవువారు చేత దీపమో కఱ్ఱయో లేకుండ గడప దాటరు. రెండింటిలో ఏది ముఖ్యమని అడిగినచో పెద్దలు నవ్వెదరు. అయినను ఈ ప్రశ్నకు రెండువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. పిస్తోలు ఉండవలెనని కొందరును, జేబులో ఇముడు చిన్న కత్తి చాలునని కొందరును చెప్పిరి. పామును చంపి తెచ్చినవారికి అణాలిత్తుమని ప్రభుత్వము చాటించెను. ఆ చరిత్రను కొంత తడవి చూతము.

మే మెరిగిన పెద్దమనిషి యొకరు మన్యపు తోటలలో చిరకాలము ఉద్యోగము చేసి, విశ్రాంతికై మా ఊరు చేరిరి. అడవులలో తిరుగునాళ్ల నుండియు వారికొక రివాల్వరు ఉండెడిది. దానికి లైసెన్సును ఉండెడిది. ఒక వానకాలపు రాత్రి పశువులకొట్టములో పాము బుసకొట్టిన చప్పుడయ్యెను. వారు లోనికి పోయి, తాళపుచెవి వెదకి, బీరువా తెరచి, తూటాలు నింపుకొని వచ్చునప్పటికి పాలేరు లాంతరు ఎత్తిపట్టి, కఱ్ఱతో నేలను నాలుగు దెబ్బలు కొట్టి, త్రాచు గోడ క్రింది కంతలో నుండి వెలుపలికి పోవుట చూచి, తీరికగా చుట్ట ముట్టించుకొనుచుండెను. ఈ ముచ్చట వారే నవ్వుచు చెప్పెడివారు. అప్పటినుండి పాములకును చేతితుపాకులకును గల సంబంధమేమో తెలిసికొనవలెనను కుతూహలము మాకు కలిగినది.

ఒక్క గుండు పేల్చు పిస్తోలు పామువిషయమున దాదాపు నిష్ప్రయోజనము. త్రాచు తల ఎంత? రెండు బొటనవ్రేళ్లు ప్రక్కప్రక్కన పెట్టినంత. అది కదలుచుండగా, మనచేయి వణకుచుండగా, మసక వెలుగులో దానికి గురిపెట్టుట ఆరితేరిన సిపాయికిని కష్టమే. పైగా బ్రిటిషు సైన్యము 1887లో స్వీకరించిన వెబ్లీ రివాల్వరు సుమారు ఒక కిలో బరువుండెడిది. దానిని నడుమునకు కట్టుకొని పగలంతయు నడచువాడు సాయంకాలమునకు దానిని ఇంటనే వదలిరావలసినదని తలచుట సహజము. అందుచేత గుండునకు బదులు సన్నని సీసపు రవ్వలు చల్లు తేలిక ఆయుధమునకై వెదకులాట మొదలయినది.

రవ్వలను రివాల్వరులో ఇముడ్చుట కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున లె మా అను వైద్యుడు 1856లో ఒక విచిత్రమయిన రివాల్వరుకు పేటెంటు పొందెను. చుట్టును తొమ్మిది గుండ్లు, నడుమ రవ్వలు వదలుటకు వేరొక నునుపు గొట్టము! ప్రాణము నిలుపు వృత్తిలో నున్నవానికి ఈ ఊహ ఎట్లు తోచినదో గాని, అది పాములకై పుట్టినది కాదు, యుద్ధమునకై పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా వైమానికులకు, విమానము కూలి అడవిలో చిక్కుకొన్నప్పుడు చిన్న జంతువులను కొట్టి ఆకలి తీర్చుకొనుటకై, పిస్తోలులో పట్టు రవ్వల తూటాలిచ్చిరి. ఆ తరువాత ఎడారులలోను కొండలలోను తిరుగువారికొఱకు ఇరువదిరెండు బోరు మొదలుకొని పెద్ద రివాల్వరుల వరకు ఇట్టి తూటాలు అంగళ్లలో దొరకసాగెను. వానికి అచ్చట 'పాము రవ్వ' అను పేరే స్థిరపడినది. చిన్నవానిలోని రవ్వ ఒక్కొక్కటి మిల్లీమీటరున్నరకు లోపే. 2006లో టారస్ అను కంపెనీవారు నాలుగువందల పది బోరు వేటతూటాను, నలుబదియైదు బోరు గుండును ఒకే చక్రములో పేల్చగల రివాల్వరును 'జడ్జి' అను పేర విడుదల చేయగా, తుపాకుల అంగళ్లలో దానికి మంచి గిరాకి కలిగెను.

ఇందులో ఒక చిక్కున్నది. చేతితుపాకి గొట్టములో గుండు తిన్నగా పోవుటకై మెలితిరిగిన చాళ్లు చెక్కబడియుండును. ఆ మెలికలలో తిరుగుచు వెలువడిన రవ్వలు విసనకఱ్ఱవలె విచ్చుకొని, నడుమ ఖాళీ విడిచి, చుట్టును చెదరిపోవును. రెండు మూడు గజములు దాటిన తరువాత అవి పామునకు తగులుట దైవాధీనము. చాళ్లు లేని నునుపు గొట్టము పెట్టిన సరిపోదా యన్నచో, అట్టి చేతితుపాకులను అమెరికాలో 1934 నాటి చట్టము ప్రత్యేకమయిన అదుపులో నుంచినది. కావున లోతు తక్కువయిన చాళ్లతో సరిపెట్టుకొనిరి. ఇక రాతినేలపై పేల్చినచో రవ్వలు ఎగిరివచ్చి పేల్చినవాని కాళ్లకే తగులవచ్చును.

ఇప్పుడు పాము పక్షమునుండి లెక్క చూడుడు. సాధారణముగ పాము తన పొడవులో సగము దూరమునకు మించి కాటు వేయజాలదు. అయిదడుగుల త్రాచునకు రెండు గజముల ఆవల నిలిచినవాడు ఇంచుమించు క్షేమముగనే యున్నాడు. అనగా రవ్వలతూటా చక్కగ పనిచేయు దూరమున రెండడుగులు వెనుకకు వేయుటయు అంతే చక్కగ పనిచేయును. దానికి లైసెన్సు అక్కరలేదు. పాము నిజముగ కరచునది మనము దానిని చూడనప్పుడు, చీకటిలో త్రొక్కినప్పుడు, కట్టెలమోపు క్రింద చేయి పెట్టినప్పుడు. అప్పుడు నడుమునకున్న తుపాకి ఒరలోనే యుండును. అమెరికాలో ఏటేట ఏడెనిమిది వేలమంది విషసర్పముల కాటునకు గురియగుచుండగా చనిపోవువారు అయిదుగురికి అటునిటుగా మాత్రమే. కరవబడినవారిలో పామును పట్టబోయియో చంపబోయియో కాటుతిన్నవారు చాలమంది యుందురు. తెగిన పాముతల కూడ కొంతసేపటివరకు కరవగలదను మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొనుట మంచిది.

మనదేశములో 1878 నాటి ఆయుధచట్టము వచ్చిన తరువాత లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేరమయ్యెను. పిస్తోలా, రివాల్వరా యను చర్చ దొరల డేరాలలో సాగుచుండగా, పాము కరచుట మాత్రము వరిచేలలో వట్టికాళ్లతో నీరు పెట్టువానినే. మన ప్రశ్నకు సరియైన సమాధానము ఆ డేరాలలో కంటె మన తెలుగుతీరమున విశాఖపట్టణములో ముందుగా వెదకబడినది.

1781లో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు తన తమ్ముడు క్లాడ్ రస్సెల్ వెంట విశాఖపట్టణము చేరెను. ఎడింబరోలో పుట్టి, సిరియాలోని అలెప్పో నగరమున ప్లేగు రోగులకు చికిత్స చేసి పేరందిన అనుభవజ్ఞుడు. వయస్సు అప్పటికే యేబది దాటినది. 1785లో కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మరణింపగా ఈస్టిండియా కంపెనీవారు ఆ స్థానమున రస్సెల్‌ను నియమించిరి. చెట్లతోపాటు ఆయన దృష్టి పాములపై పడెను. ఏ పాము విషముగలది, ఏది కానిది అను భేదము తెలియనిచో భయమునకు అంతు లేదనియు, చికిత్సకు ఆధారము లేదనియు ఆయన గ్రహించెను. పల్లెవాండ్రు తెచ్చిన పాములనెల్ల కోరలు విప్పి చూచి, పొలుసులు లెక్కించి, బొమ్మలు వ్రాయించెను. పేరుపడ్డ తంజావూరు మాత్రను, అందులో పాషాణము చేరియుండెను, కోళ్లపైనను కుక్కలపైనను పరీక్షించెను. 1789లో స్వదేశమునకు మరలి, 1796లో కోరమాండల్ తీరపు సర్పములపై రంగుబొమ్మలతో పెద్ద గ్రంథము వెలువరించెను.

ఆ గ్రంథములో మనకు మిక్కిలి ముచ్చట గొలుపునది పాములపేళ్లు. ఆయన లాటిను పేళ్ల కొఱకు తడవుకొనలేదు. ఊరివారు చెప్పిన తెలుగుపేళ్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. మనము రక్తపింజరి అనుదానిని ఆనాటివారు 'కాటుకరేకుల పొడ' అని ఆయనకు చెప్పిరి. వీపుపై కాటుకతో రేకులు దిద్దినట్లుండు ఆ పొడలను చూచినవారికి ఇంతకంటె చక్కని పేరు తోచదు. తరువాత శాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెల్ పేరే పెట్టిరి. మఱియొక పామును 'బంగారుపాము' అని విని ఆయన వ్రాసికొనగా, 1803లో దోదెన్ అను ఫ్రెంచి పండితుడు దానినిబట్టి కట్లపాముల జాతికంతకును 'బుంగారస్' అని పేరుంచెను. నేటికిని ప్రపంచమున ఏ మూలనయినను కట్లపాము శాస్త్రనామము వ్రాయువాడు తెలియకయే ఒక తెలుగుమాట వ్రాయుచున్నాడు.

రస్సెల్ తరువాత నూరేండ్లు చికిత్సకంటె సంహారముపైననే ప్రభుత్వదృష్టి నిలిచెను. కలకత్తాలో శస్త్రవైద్యాచార్యుడయిన జోసెఫ్ ఫేరర్ 1872లో తన సర్పగ్రంథమును ప్రకటించుచు, 1869 ఒక్క యేట 11,416 మంది పాముకాటుచే మరణించినట్లు లెక్క చూపెను. మదరాసు, బొంబాయి రాజధానులు ఆ లెక్కలో చేరలేదు! నాటువైద్యపు మందులను, దొరల మందులను పరీక్షించి ఏదియు నిజమయిన విరుగుడు కాదని తేల్చి, పాములను చంపినవారికి బహుమానములీయవలెనని ఆయన సూచించెను. పలుచోట్ల బహుమానములిచ్చిరి. చచ్చిన పాములు కుప్పలుగా వచ్చెను. మరణములు మాత్రము తగ్గలేదు. అణాల కొఱకు పాములను పెంచినవారున్నారని చెప్పుకొను కథ నేటికిని ఆర్థికశాస్త్ర పుస్తకములలో తిరుగుచున్నది.

తరువాత వచ్చినది జేబు ఆయుధము. పొటాసియం పర్మాంగనేటు పరీక్షానాళికలో పామువిషమును విరుచునని 1881లో బ్రెజిలు దేశమున లసెర్డా కనుగొనియుండెను. దీనిని పట్టుకొని లాడర్ బ్రంటన్ అను వైద్యుడు ఒక బుల్లిచాకు కల్పించెను. ఒకవైపు కత్తి, కొయ్యపిడి డొల్లలో పర్మాంగనేటు పలుకులు. కాటుచోట కోసి ఆ పలుకులు రుద్దవలెను. 1904లో బ్రంటన్, ఫేరర్, రోజర్స్ కలిసి దీనిపై తమ ప్రయోగములను ప్రకటించిరి. చూచుటకు ముద్దుగా, వెల తక్కువగా నుండుటచే ఈ చాకు మనదేశమున విరివిగా వ్యాపించెను. కాని నాళికలో విరిగిన విషము మనిషి కండలో విరుగదు. కోతవలన రక్తము పోవుట, పుండు కుళ్లుట మాత్రము తప్పలేదు. నేటివైద్యులు కోయవద్దని, పీల్చవద్దని, గట్టిగ కట్టు బిగింపవద్దని, కరచిన అవయవమును కదల్పక ఆసుపత్రికి చేర్చవలెనని చెప్పుచున్నారు.

నిజమయిన విరుగుడు గుఱ్ఱమునుండి వచ్చెను. సైగానులో పాశ్చరు సంస్థను నడిపిన కాల్మెట్ అను ఫ్రెంచివైద్యుడు త్రాచువిషమును కొద్దికొద్దిగా జంతువుల కెక్కించి, వాని రక్తమునుండి 1890 ప్రాంతపు దశకమున సీరము తయారుచేసెను. మొదట అది అన్ని పాములకును పనిచేయునని ఆయన తలచెను. మనదేశమున జార్జి లాంబ్ చేసిన ప్రయోగములు ఆ ఆశను వమ్ముచేసెను. త్రాచు సీరము రక్తపింజరి విషమును ఆపలేకపోయెను. ఏ పామో తెలిసికొనవలెనను రస్సెల్ పట్టుదల ఎంత సమంజసమో అప్పుడు తేలినది. తరువాత త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటికిని కలిపి ఒకే సీరము చేయు పద్ధతి స్థిరపడినది. దానికి కావలసిన విషమును చాలవరకు సమకూర్చినది, 1978లో మదరాసు సమీపమున ఏర్పడిన ఇరుళవారి సహకార సంఘము. ఒకప్పుడు తోళ్లకై పాములు పట్టినవారే విషము పిండి పామును తిరిగి అడవిలో వదలుచున్నారు.

2020లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము 2000 మొదలు 2019 వరకు మనదేశమున పాముకాటుచే మరణించినవారు సుమారు పండ్రెండు లక్షలు. అనగా ఏటికి 58,000. మరణము లెక్కువగానున్న రాష్ట్రములలో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశము ఒకటి. వీరిలో పెక్కుమంది పల్లెవాసులు, ఆసుపత్రి చేరక ఇంటనే కన్నుమూసినవారు. వానకాలపు నెలలలోనే సగము. సీరము ఫలానిచోట ఉన్నదని తెలిసియు, రాత్రివేళ బండి దొరకక మంత్రగానివద్ద గంటలు గడపినవారి కథలు ఏ ఊరనయినను వినవచ్చును.

మొదట చెప్పిన పెద్దమనిషి రివాల్వరు సంగతి. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల దానిని పోలీసుఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకొనవలసి వచ్చెడిది. ఒకమారు అట్లు అప్పగించినది వారు తిరిగి తెచ్చుకొననేలేదు. పాలేరు కఱ్ఱ మాత్రము తలుపుమూల అట్లే ఉండెను. దాని ప్రక్కన మేకునకు ఒక టార్చిలైటు తగిలించిరి.