480 గుర్తుల పుస్తకం

మా పూర్వీకులు కోరంగి రేవున ఓడలెక్కి, మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారు. ఆ రేవు పేరు మీదనే ఆ ద్వీపంలో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని పిలిచారు. వారి మనుమల కాలానికి గాని మాకు ఓటు రాలేదు. 1947లో ఏర్పడిన కొత్త రాజ్యాంగం, ద్వీపంలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో సరళమైన వాక్యాలు చదివి వ్రాయగలిగిన వయోజనులకు ఓటు హక్కు ఇచ్చింది. అంతకు ముందు 12,000 మందికి మించని ఓటర్ల సంఖ్య 1948 ఎన్నికల నాటికి 70,000 దాటింది. పగలంతా చెరకు నరికినవారు రాత్రివేళ దీపం ముందు కూర్చుండి అక్షరాలు దిద్దారు. సాయంకాలపు తరగతి అంటే మాకు ఇప్పటికీ గౌరవం ఉండడానికి ఇదొక కారణం. అయితే అక్షరం పట్టుబడని ముసలివారు, ఇంటి పనులతో తీరిక చిక్కని స్త్రీలు ఎందరో ఆ గడప బయటనే నిలిచిపోయారు. వయోజనులందరూ ఓటు వేసినది 1959లోనే.

భారతదేశం ఇందుకు భిన్నమైన దారి ఎన్నుకొన్నది. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగిన నాటికి ఓటర్లలో అత్యధికులు చదువు లేనివారు. వారిని పరీక్షించడం మాని, ప్రభుత్వమే బొమ్మ వేసి చూపించింది. ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యేకమైన ఉక్కు పెట్టె, దాని మీద అతని గుర్తు. ఓటరు తనకిచ్చిన కాగితాన్ని నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే చాలు, కాగితం మీద ఏమీ వ్రాయనక్కరలేదు. ఆ పద్ధతిలోనే నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిగారిని జవాహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు.

పెట్టెల పద్ధతిలో ఒక లోపం ఉంది. లోపలికి వెళ్లిన ఓటరు కాగితాన్ని ఏ పెట్టెలోనూ వేయక, దాచి బయటకు తెచ్చి మరొకరికి అమ్ముకొనే వీలుండేది. అందుచేత 1960 దశకం నుండి అభ్యర్థులందరి పేర్లూ గుర్తులూ ఒకే పత్రం మీద ముద్రించి, ఓటరు చేత ముద్ర వేయించి, ఒకే పెట్టెలో వేయించే పద్ధతి స్థిరపడింది. ఆ ముద్రను మన పిల్లలు ఒకసారి గమనించాలి. అది బాణపు కొనలున్న స్వస్తికం వంటిది, దాని కొమ్ములన్నీ ఒకే వైపునకు తిరిగి ఉంటాయి. తడి ఆరకముందే పత్రాన్ని మడిస్తే సిరా ఎదుటి గడిలో కూడా అంటుకొంటుంది కదా. అలా అంటుకొన్న మచ్చలో కొమ్ములు వ్యతిరేక దిశకు తిరుగుతాయి. లెక్కించేవారు చూడగానే ఏది ఓటో, ఏది మచ్చో తెలుసుకొంటారు. గుండ్రని ముద్ర అయి ఉంటే రెండూ ఒకలాగే కనిపించి, మంచి ఓటు కాస్తా చెల్లని ఓటు అయ్యేది. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన పెట్టినవారికి మేము మనసారా నమస్కరిస్తాము.

ఇక 1996లో అదే నల్లగొండలో జరిగిన సంగతి. ఆ జిల్లాలో ఎన్నో గ్రామాల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీరు త్రాగి పిల్లల కాళ్లు వంకరలు పోయాయి, నడివయసువారి నడుములు వంగిపోయాయి. కృష్ణా జలాలు కావాలని ఎంత మొరపెట్టుకొన్నా వినేవారు లేకపోయేసరికి, దుశ్చర్ల సత్యనారాయణగారి నాయకత్వంలోని జలసాధన సమితి ఒక ఉపాయం పన్నింది. వందల మంది నామినేషన్లు వేశారు. చివరకు బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పత్రంగా మిగలక పుస్తకమైంది. ఎన్నికను వాయిదా వేసి మరీ జరపవలసి వచ్చింది.

ఆ పుస్తకాన్ని చేతపట్టుకొన్న ఒక వృద్ధురాలిని ఊహించండి. గుర్తు అనేది చదువు రానివారికి చేయూతగా పుట్టినది. గుర్తులు 480 అయినప్పుడు ఆ చేయూతే అడవి అవుతుంది. లెక్కించేవారి కష్టం మరొక రకం. రెండు పేర్ల మీద ముద్ర పడితే ఓటు చెల్లదు గనుక, ఒక పుటలో ముద్ర కనిపించినంత మాత్రాన సరిపోదు, మిగిలిన పుటలన్నీ తిప్పి చూడాలి. ఆ ఎన్నికలో సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షంగారు గెలిచారు. రైతుల గోడు మాత్రం దేశమంతా విన్నది. అదే సంవత్సరం లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన ధరావతును 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. ఇప్పుడది 25,000. (పోలై చెల్లిన ఓట్లలో ఆరవ వంతుకు మించి రాకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు. ‘డిపాజిట్ గల్లంతైంది’ అని మనవారు అనేది దీనినే.) రుసుము పెంచితే పత్రం పొట్టిదవుతుంది, నిజమే. త్రాగునీటి బాధ మాత్రం దానితో తగ్గదని మా అభిప్రాయం.

రుసుము పెరిగినా పత్రం మళ్లీ పొడుగైంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు రావాలని అడిగినవారు. పాత రకం ఓటింగు యంత్రాలు 64 పేర్లకు మించి మోయలేవు. మళ్లీ కాగితమే గతి అనుకొంటుండగా, 384 పేర్ల వరకు పట్టే కొత్త రకం యంత్రాలను ఎన్నికల సంఘం తెప్పించింది. పిల్లలు లెక్క వేయవచ్చు. 185 మందికి ‘నోటా’ కలిపితే 186. ఒక్కొక్క యంత్రపు పలకలో 16 మీటలు. 11 పలకలకు 176 మీటలే వస్తాయి గనుక 12 పలకలు కావాలి. ప్రతి పోలింగు కేంద్రంలోనూ 12 పలకలు వరుసగా పేర్చారు. గుర్తింపు పొందిన పార్టీలవారిని ముందుగా, స్వతంత్రులను చివరగా, ఒక్కొక్క తరగతిలో తెలుగు అక్షరక్రమాన్ని అనుసరించి వ్రాయడం నియమం. అందుచేత పెద్ద పార్టీల పేర్లన్నీ మొదటి పలకలోనే ఉన్నాయి. తోటి రైతుకు ఓటు వేయదలచినవారే నడిచి వెతుక్కోవలసి వచ్చింది. న్యాయమేనా అంటే, ఏదో ఒక క్రమం ఉండాలి గదా అని తప్ప మేము జవాబు చెప్పలేము.

ఇన్ని మీటలున్నప్పుడు నొక్కినదే లెక్కకు వచ్చిందని నమ్మడం ఎలా? మీట నొక్కగానే ప్రక్కనున్న మరొక యంత్రంలో అభ్యర్థి పేరు, గుర్తు ముద్రించిన చీటీ 7 క్షణాలు అద్దం వెనుక కనిపించి, పెట్టెలో పడుతుంది. వీవీప్యాట్ అంటే అదే. ఆ చీటీలలో సగమైనా లెక్కించాలని చంద్రబాబునాయుడుగారు మొదలైన ప్రతిపక్ష నాయకులు సుప్రీంకోర్టును కోరారు. ఏప్రిల్ 8న, అనగా పోలింగుకు మూడు దినాల ముందు, కోర్టు సగానికి ఒప్పుకోలేదు గాని, శాసనసభ నియోజకవర్గానికి ఒక కేంద్రానికి బదులు ఐదు కేంద్రాల చీటీలు లెక్కించమన్నది. నిజామాబాద్ స్థానంలో ఏడు శాసనసభ నియోజకవర్గాలు గనుక అక్కడ 35 కేంద్రాలు. యంత్రపు లెక్కకూ చీటీల లెక్కకూ తేడా వస్తే చీటీల లెక్కదే పైమాట. ఎంత యంత్రం వచ్చినా చివరి సాక్ష్యం కాగితానిదే కావడం మాకు ఊరటగా ఉన్నది.

ఆ ఏడింటిలో ఆర్మూరు, బాల్కొండ, కోరుట్ల, జగిత్యాల ఉన్నాయి. బహ్రెయిన్‌లోనూ, ఇతర గల్ఫ్ దేశాలలోనూ పనిచేసే తెలంగాణవారిలో ఎందరో ఆ ప్రాంతాలవారే. వారి తండ్రులూ అన్నలూ పసుపు పండించేవారు. 2010లో జరిగిన చట్ట సవరణ వలన, విదేశంలో ఉన్న భారత పౌరులు కూడా 6ఏ ఫారం నింపి స్వగ్రామపు ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోవచ్చు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టు చేతపట్టుకొని ఆ ఊరి పోలింగు కేంద్రానికే వెళ్లాలి. 2019 ఏప్రిల్ 11 గురువారం. మనామాలో అది పనిదినం.