పీచుపండు బాలుడు, మేడిచెట్టు కోతి

1893 జులైలో యోకోహామా రేవు నుండి వాంకూవర్‌కు బయలుదేరిన 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' నౌకలో ఇద్దరు ప్రసిద్ధ భారతీయులు కలిసి ప్రయాణించారు. ఒకరు చికాగో సర్వమత మహాసభకు వెళుతున్న స్వామి వివేకానందుడు. మరొకరు జంషెడ్‌జీ టాటా. బొంబాయి నుండి తూర్పు దేశాలకు పోయే సరకుపై విదేశీ నౌకా సంస్థలు విధిస్తున్న అధిక కిరాయిలను ఎదిరించడానికి ఆయన 'నిప్పన్ యూసెన్ కైషా' అనే జపాను సంస్థతో చేతులు కలిపారు. జపాన్‌లో ఆయన చూసినది సుదీర్ఘ నిద్ర నుండి మేల్కొని, పరిశ్రమను, పాఠశాలను ఏకకాలంలో నిర్మించుకుంటున్న ఒక దేశాన్ని. ఆ మరుసటి సంవత్సరమే టోక్యోలో ఇవాయా సజానామి అనే రచయిత బాలల కోసం 'నిహోన్ ముకాషిబానాషి', అనగా జపాను పూర్వగాథలు, అనే గ్రంథమాలను ఆరంభించాడు. 1896 నాటికి ఇరవైనాలుగు సంపుటాలుగా పూర్తయిన ఆ మాలలో మొదటిది మొమొతారో కథ. పీచుపండు నుండి పుట్టిన బాలుడు రాక్షసద్వీపాన్ని జయించిన వృత్తాంతమది.

జంషెడ్‌జీ మరణానంతరం సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమ సమీపంలో, సాక్చీ అనే పల్లె వద్ద ఆయన పేరిట ఒక ఉక్కు నగరం వెలిసింది. 1907లో సంస్థ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు వచ్చింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు అక్కడికి తరలిపోయి కొలిమి పనుల్లోను, కార్యాలయాల్లోను కుదురుకున్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఈనాటికీ నిలిచి ఉన్న గుర్తు. ఈ పట్టణానికీ జపాను దేశానికీ సంబంధం ఇనుముతో మొదలైంది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ భారతదేశపు పిగ్ ఐరన్‌కు జపాను ప్రధానమైన కొనుగోలుదారు. సింగ్‌భూమ్ గనుల నుండి వెలువడిన ఆ ముడి ఇనుము అక్కడ ఏయే రూపాలు ధరించిందో లెక్క చెప్పగలవారు లేరు. కథల ప్రయాణం మాత్రం అంత అగమ్యగోచరం కాదు. వాటిని ఆనవాలు పట్టవచ్చు.

జపాను బాలుడు మొదట వినే కథల్లో 'జెల్లీచేప, కోతి' ఒకటి. సముద్రగర్భంలో నాగరాజు రాణికి జబ్బు చేస్తుంది. కోతి కాలేయం తింటే గాని తగ్గదంటారు. కోతిని మభ్యపెట్టి తీసుకువస్తున్న జెల్లీచేప దారిలో నిజం కక్కేస్తుంది. కాలేయాన్ని చెట్టుకొమ్మకు తగిలించి మరచిపోయానని చెప్పి కోతి తప్పించుకుంటుంది. రాజు ఆగ్రహించి జెల్లీచేపను చితక్కొట్టిస్తాడు. అందుకే దానికి నేటికీ ఎముకలు లేవు! ఈ చివరి ముక్క తప్ప తక్కినదంతా తెలుగు పాఠకునికి తెలిసినదే. పంచతంత్రంలోని లబ్ధప్రణాశంలో రక్తముఖుడనే వానరం, కరాళముఖుడనే మొసలి నడిపిన కథ ఇదే. జాతక కథలలో కోతి తన గుండె మేడిచెట్టుకు వేలాడుతున్నదని మొసలికి చూపుతుంది. పదిహేనవ శతాబ్దిలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చేనాటికి ఈ కోతి చైనా మీదుగా జపాను చేరి చాలాకాలమైంది. మూడవ శతాబ్దిలో సెంగ్‌హుయి అనే భిక్షువు చైనీయంలోకి తెచ్చిన బౌద్ధ కథాసంకలనంలో మొసలికి బదులు తాబేలు కనిపిస్తుంది. పన్నెండవ శతాబ్ది నాటి జపాను బృహత్కథా సంకలనం 'కొన్‌జాకు మొనొగతారి' లోనూ తాబేలే. ఈ గ్రంథం తన కథలను మూడు ఖండాలుగా విభజించుకుంది: తెన్‌జికు, షిన్‌తాన్, హొన్‌చో. అనగా భారతదేశం, చైనా, స్వదేశం. తమ కథల తావు ఎక్కడిదో సంకలనకర్తకు స్పష్టంగా తెలుసునన్నమాట.

ఆ తెన్‌జికు ఖండంలోనే అతిథి ఆకలి తీర్చడానికి తనను తాను అగ్నికి ఆహుతి చేసుకున్న కుందేలు కథ ఉంది. శశజాతకమే అది. ఇంద్రుడు ఆ కుందేలు రూపాన్ని చంద్రబింబంపై నిలిపాడు. జపాను పిల్లలకు ఆ కుందేలు చంద్రునిలో రోలు ముందు నిలబడి బియ్యపుపిండి దంచుతూ కనిపిస్తుంది. అదే ఖండంలో ఒంటికొమ్ము ముని గాథ మరొకటి. ఆగ్రహించి వర్షాలను బంధించిన ఆ ముని ఒక స్త్రీ వలలో పడి తపోభ్రష్టుడవుతాడు, వానలు కురుస్తాయి. మన ఋష్యశృంగుడే ఇతడు. ఇతని రాకకు దారి చూపినది 'మహాప్రజ్ఞాపారమితా ఉపదేశం' అనే వ్యాఖ్యాగ్రంథం. అయిదవ శతాబ్ది ఆరంభంలో కుమారజీవుడు దానిని చైనీయంలోకి అనువదించాడు. సంప్రదాయం దానిని ఆచార్య నాగార్జునునికి ఆపాదిస్తుంది. ఆధునిక విద్వాంసులలో అనేకులు ఈ కర్తృత్వాన్ని అంగీకరించరు. అయినా శ్రీపర్వతంతో ముడివడిన పేరు ఒకటి ఋష్యశృంగుణ్ణి వెంటబెట్టుకొని సముద్రాలు దాటడం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయమే.

కథలు పయనించాయనడంలో వింత లేదు. వాటిని బాలల కోసం తిరిగి చెప్పిన క్షణంలో ఏమి మారిందన్నదే చరిత్రకారుడు ఆగి పరిశీలించవలసిన చోటు.

మొమొతారో కథనే తీసుకుందాం. ఏటిలో కొట్టుకువచ్చిన పీచుపండును ముసలమ్మ ఇంటికి తెస్తుంది. ఈనాటి పుస్తకాలన్నింటిలోను పండు చీలి అందులోనుండి బాలుడు వెలువడతాడు. ఎదోకాలంలో వెలువడిన 'అకాహోన్' అనే ఎర్ర అట్టల చిరుపుస్తకాలలో కథ ఇలా లేదు. ముసలివారిద్దరూ ఆ పండు తింటారు. యౌవనం తిరిగి వస్తుంది. ఆపై అందరిలాగానే వారికి ఒక కొడుకు పుడతాడు. పాఠశాల పిల్లల చేతికి ఇవ్వడానికి ఇది తగదని మెయిజీ యుగపు పెద్దలు భావించారు. పుత్రకామేష్టి పాయసం కథను పసివాళ్ళకు నిస్సంకోచంగా చెప్పే దేశానికి ఈ బిడియం కాస్త వింతగానే తోస్తుంది. ఏమైనా 1880ల చివరినాటికి ఈ కథ జపాను వాచకాలలో చేరింది. సంస్కరించిన రూపమే ప్రమాణమైంది. 'కాచికాచి పర్వతం' కథలో తనూకి అనే మాయజంతువు ముసలమ్మను చంపి, ఆమె మాంసంతో చేసిన పులుసును భర్తకే వడ్డిస్తుంది. ఇటీవలి బొమ్మల పుస్తకాలు అనేకం ఆమెను గాయంతో బతికిస్తాయి. ఉరాషిమా తారో కథ ఎనిమిదవ శతాబ్ది 'నిహోన్ షోకి' లోనే నమోదైంది. అందులో అతడు పట్టుకున్న తాబేలు స్త్రీగా మారుతుంది. అల్లరి పిల్లల చేతి నుండి తాబేలును కాపాడిన దయామయుడిగా అతడు మారింది చాలా తరువాత.

పాశ్చాత్యులకు ఈ కథలు మొదట చేరింది ఒక దౌత్యాధికారి ద్వారా. బ్రిటిష్ దౌత్యకార్యాలయంలో కార్యదర్శిగా పనిచేసిన మిట్‌ఫర్డ్ 1871లో 'టేల్స్ ఆఫ్ ఓల్డ్ జపాన్' ప్రచురించాడు. నాలుక కోసిన పిచ్చుక, కాచికాచి పర్వతం, మొమొతారో అందులో ఉన్నాయి. 1885 నుండి హసెగావా తకెజిరో అనే టోక్యో ప్రచురణకర్త ముడతల కాగితంపై రంగుల బొమ్మలతో చిన్న ఆంగ్ల పుస్తకాలను వెలువరించాడు. 1903లో లండన్‌లో వెలువడిన యెయి తెయొదోరా ఒజాకి సంకలనం వీటన్నింటికంటె విస్తృతంగా వ్యాపించింది. తండ్రి జపాను ప్రభువంశీయుడు, తల్లి ఆంగ్లేయురాలు అయిన ఈ విదుషీమణి టోక్యో నగరాధ్యక్షుడు ఒజాకి యుకియోను వివాహమాడింది. 1912లో వాషింగ్టన్‌కు చెర్రీ మొక్కలు పంపిన నగరాధ్యక్షుడు ఆయనే. ఆమె సంకలనానికి ఆధారం సజానామి కూర్చిన పాఠాలే. మన దేశభాషలకు జపాను కథలు ఎక్కువగా ఆంగ్లం ద్వారానే చేరాయి కనుక, మన పిల్లలు వినే మొమొతారో చాలావరకు సజానామి మొమొతారోయే.

సజానామి పాఠంలో ఒక చిన్న వివరం ఉంది. రాక్షసద్వీపం జపానుకు ఈశాన్యదిశలో సముద్రం మధ్య ఉన్నదట. ఒజాకి ఆంగ్లపాఠంలోనూ ఆ దిక్కు చెక్కుచెదరలేదు. జపాను శాస్త్రం ప్రకారం ఈశాన్యం రాక్షసుల ద్వారం. మనకు అది దేవుని మూల. పూజగది అక్కడే కడతాం. అనువాదకుడు ఏ మార్పూ చేయకుండా దిక్కును దించేస్తే తెలుగు పిల్లవానికి రాక్షసులు శివుని దిక్కున కాపురముంటారు! ఇది నవ్వుకోదగిన ఇబ్బంది. ఇంతకంటె పెద్దది మరొకటుంది. సజానామి ఈ పాఠం రాస్తున్నప్పుడు జపాను చైనాతో యుద్ధానికి దిగింది. 1915లో అతడే మొమొతారో స్వభావాన్ని విద్యకు ఆదర్శంగా ప్రతిపాదిస్తూ ఒక గ్రంథం రాశాడు. వరిగపిండి ఉండలు పంచిపెట్టి కుక్కను, కోతిని, అడవికోడిని పోలిన కీజి పక్షిని సైనికులుగా చేర్చుకొని, పరద్వీపంపై దండెత్తి సంపద మోసుకువచ్చే బాలుడు ఒక రాజ్యవిస్తరణ కాలానికి ఎంత సులువుగా ఒదిగిపోయాడో వేరుగా చెప్పనక్కరలేదు. దీనిని ఆనాడే గుర్తించినవారు లేకపోలేదు. 1924లో అకుతగావా ర్యూనొసుకె రాసిన వ్యంగ్య కథలో రాక్షసులు శాంతంగా బతుకుతున్న ద్వీపవాసులు, దుండగుడు మొమొతారో. అయితే పాఠశాలలో వల్లించింది అకుతగావా కథను కాదు.

1942 ఏప్రిల్ 6న 'ర్యూజో' నౌక నుండి ఎగిరిన జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. విశాఖ ఖాళీ అయింది. ఉక్కు కర్మాగారం గల జంషెడ్‌పూర్‌కు కూడా వైమానిక దాడి భయం తప్పలేదు. అక్కడ తయారైన కవచవాహనాలు 'టాటానగర్' పేరుతోనే యుద్ధరంగాలలో తిరిగాయి. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన కార్మిక కుటుంబాలకు ఆ వేసవిలో ఇంటివైపు భయం, ఉన్నచోట భయం. సరిగ్గా మరుసటి సంవత్సరం జపాను నౌకాదళ మంత్రిత్వశాఖ పూనికపై పిల్లల కోసం ఒక యానిమేషన్ చిత్రం విడుదలైంది. 'మొమొతారో సముద్రపు డేగలు' దాని పేరు. పర్ల్ హార్బరే అందులో రాక్షసద్వీపం. కుక్కలు, కోతులు, పక్షులు వైమానికులు. 1945 ఏప్రిల్‌లో వచ్చిన రెండవ చిత్రం 74 నిమిషాల నిడివి గలది. జపాను తొలి పూర్తినిడివి యానిమేషన్ చిత్రం ఇదే. దక్షిణ ద్వీపంలోని అడవి జంతువులకు సైనికులు బడిపెట్టి జపాను అక్షరమాలను పాటగా నేర్పే ఘట్టం అందులో కెల్లా మనోహరమైనది, అందుకే అన్నిటికంటె కలవరపెట్టేది కూడా. సంస్కృతి శాఖల్లో పనిచేసేవారు ఆ ఘట్టాన్ని ఒకసారి చూడటం మంచిది.

ఓటమి తరువాత జపాను పిల్లలు తమ వాచకాలలోని యుద్ధ పాఠాలపై ఉపాధ్యాయుల ఆదేశం మేరకు తామే సిరా పూశారు. పోయిందనుకున్న రెండవ చిత్రం ప్రతి 1982లో షోచికు సంస్థ గిడ్డంగిలో దొరికింది; 1984లో తిరిగి ప్రదర్శించారు. ఈలోగా ఇరుదేశాల నడుమ మరో తరహా బంధాలు ఏర్పడ్డాయి. టోక్యో బాలబాలికలు ఏనుగును పంపమని రాసిన ఉత్తరాలకు స్పందించి 1949లో నెహ్రూ ఉయెనో జంతుశాలకు 'ఇందిర' అనే ఏనుగును పంపారు. 1968లో జంషెడ్‌పూర్‌కు చేరువలో టాటా యోదొగావా సంస్థ ఏర్పడింది. ఉక్కు చుట్టే రోలర్లను తయారుచేసిన ఆ కర్మాగారం 2016లో మూతపడింది. నిప్పన్ స్టీల్ వర్గంతో కలిసి నెలకొల్పిన ఉక్కురేకుల కర్మాగారం 2014లో అదే పట్టణంలో ఆరంభమైంది.

జంషెడ్‌పూర్ నేలకు తన సొంత కథలు ఉన్నాయన్న సంగతిని ఈ ప్రస్తావనలో విడువరాదు. సజానామి తన మాలను పూర్తిచేసిన కొద్దికాలానికే ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి సెసిల్ బొంపాస్ ఆ ప్రాంతపు గాథలను ఆంగ్లంలో కూర్చాడు. 1909లో లండన్‌లో అచ్చయిన 'ఫోక్‌లోర్ ఆఫ్ ది సంతాల్ పరగణాస్' లో ప్రధాన భాగం మిషనరీ బాడింగ్ సేకరించిన సంతాలీ కథలకు అనువాదం. దానికి అనుబంధంగా కోల్హాన్ ప్రాంతపు హో గాథలు ఉన్నాయి. కోల్హాన్ అంటే సింగ్‌భూమే. ఉక్కు సంస్థ సాక్చీలో కొలిమి కడుతున్న రోజుల్లోనే, కొన్ని క్రోసుల దూరంలోని పల్లెల కథలు లండన్ అచ్చుయంత్రం ఎక్కాయన్నమాట. మిట్‌ఫర్డ్‌లాగే బొంపాస్ కూడా ఉద్యోగధర్మంలో భాగంగా జనాన్ని ఎరిగి, వారి మాటను కాగితంపై పెట్టిన అధికారి. అయితే మిట్‌ఫర్డ్ సేకరించిన కథలకు స్వదేశంలో ఒక సజానామి దొరికాడు. వాచకాలు, బొమ్మలు, చలనచిత్రాలు దొరికాయి. వాటితోపాటు పాలకుల అవసరాలు కూడా వచ్చి చేరాయి. హో గాథలకు ఆ ప్రమాదమూ పట్టలేదు, ఆ భాగ్యమూ పట్టలేదు. బిష్టుపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవానికి టోక్యో పీచుపండు ఆంగ్ల పుస్తకంలో దొరుకుతుంది, మేడిచెట్టు కోతి బామ్మ నోట దొరుకుతుంది. దల్మా కొండల అంచున, తాను రోజూ చూసే ఊళ్ళలో చెప్పుకునే కథ మాత్రం 1909 నాటి ఆంగ్ల గ్రంథం చివరి పుటల్లో, అనుబంధంగా ఉంది.