అమెరికా ఎడారి దారిలో మన పూండి లెక్కలు



మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చినప్పటి నుంచి మనవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, "అమెరికాలో ఎడారంతా కారులో తిరిగారంట కదా, ఆ విశేషాలు రాయండి" అని. నిజమే. నేనూ మా ఆవిడా లాస్ ఏంజిలిస్‌లో బయలుదేరి, మొహావీ ఎడారి దాటి, ఓవెన్స్ లోయ, డెత్ వ్యాలీ, హూవర్ డ్యామ్ నాలుగు రోజుల్లో చూసి వచ్చాం. జూలై నెల. డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీల ఎండ ఈ రోజుకీ ప్రపంచ రికార్డు. కానీ ఆడికృత్తికకు కావడి భుజాన పెట్టుకుని 365 మెట్లెక్కే తిరుత్తణి వాళ్ళకు ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? నేను రాయదలచుకున్నది నీళ్ళ గురించి. ఆ దారి పొడుగునా తెలుసుకున్న చరిత్ర, మన తిరువళ్ళూరు జిల్లా చరిత్రను పక్కన పెట్టి చదువుకోవలసినట్టుగా ఉంది.

లాస్ ఏంజిలిస్ నుంచి ఉత్తరానికి 395వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఎడమ చేతి వైపు మంచుకొండలు, కుడి చేతి వైపు ఎండిన కొండలు, మధ్యలో ఓవెన్స్ లోయ. ఎడమవైపు కొండల్లోనే 4,421 మీటర్ల ఎత్తున్న విట్నీ శిఖరం ఉంది. ఆ మంచు కరిగి ఓవెన్స్ అనే ఏరుగా పారుతుంది. అక్కడి ఆదివాసులు పాయూట్లు. తెల్లవాళ్ళు రాకముందే వాళ్ళు కాలవలు తవ్వి నీళ్ళు పెట్టుకునేవారు. తమ లోయకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం 'నీళ్ళు పారే నేల' అని. తర్వాత వలస వచ్చిన తెల్ల రైతులూ అవే నీళ్ళతో పండ్ల తోటలు వేశారు. ఏరు చివర ఓవెన్స్ చెరువు, దాదాపు 280 చదరపు కిలోమీటర్లు. 1870లలో గనుల వెండి దిమ్మెలను ఆవిరి పడవలో వేసి ఆ చెరువు దాటించేవారు.

ఇక నగరం కథ. 1900లో లాస్ ఏంజిలిస్ జనాభా లక్ష పైచిలుకు. పదేళ్ళలో అది మూడు లక్షలు దాటింది. ఊళ్ళో ఉన్న ఏరు చాలదని నీటి ఇంజనీరు విలియం మల్హోలండ్‌కు తెలుసు. మాజీ మేయరు ఫ్రెడ్ ఈటన్ ఓవెన్స్ లోయకు వెళ్ళి, నగరం పేరు బయటికి రానివ్వకుండా ఏటి పక్క భూములు, వాటితో పాటు నీటి హక్కులు బేరం చేశాడు. ప్రభుత్వం తమకోసమే సాగునీటి పథకం తెస్తోందని రైతులు అనుకుంటున్న రోజులవి. 1905లో అసలు సంగతి పత్రికల్లో వచ్చేసరికి బేరాలు చాలావరకు ముగిశాయి. 1913 నవంబరు 5న కాలవ తెరిచారు. పొడవు సుమారు 375 కిలోమీటర్లు. ఒక్క పంపు లేదు. నీళ్ళు పల్లానికి పోయే గుణం ఒక్కటే ఆధారం. ఇంజనీరింగ్‌గా చూస్తే దండం పెట్టాల్సిన పని.

కానీ లోయ ఏమైంది? పదేళ్ళు తిరక్కుండానే నీళ్ళు చాలక నగరం ఇంకా భూములు కొనసాగింది. 1924 మేలో రైతులు కాలవకు డైనమైట్ పెట్టారు. అదే ఏడు నవంబరులో లోన్ పైన్ ఊరి దగ్గర అలబామా గేట్లను ఆక్రమించి, నాలుగు రోజులపాటు నగరానికి పోయే నీళ్ళను ఏట్లోకి మళ్ళించారు. ఆడవాళ్ళు, పిల్లలు అన్నాలు తీసుకుని తరలివచ్చారట, తిరునాళ్ళకు వచ్చినట్టు. 1927లో ఆ ఉద్యమానికి అండగా ఉన్న అన్నదమ్ముల బ్యాంకు మూతపడింది. రైతుల డబ్బుతో పాటు పోరాటమూ మునిగింది. చెరువు అప్పటికే ఎండిపోయింది. ఉప్పు మట్టి గాలికి లేచి, అమెరికా మొత్తంలో సన్నదుమ్ము ఎక్కువగా లేచే చోటుగా ఆ చెరువు గర్భం పేరు పడింది. కోర్టులూ చట్టాలూ మెడ మీద కూర్చున్నాక, 2001 నుంచి నగరమే ఆ దుమ్ము అణచడానికి చెరువులో కొంతమేర మళ్ళీ నీళ్ళు వదులుతోంది. తీసుకెళ్ళిన నీళ్ళు వంద ఏళ్ళకు వెనక్కి తేవలసి వచ్చింది, అదీ కోట్ల డాలర్ల ఖర్చుతో.

ఆ ఎండిన చెరువు గట్టున కారు ఆపినప్పుడు మా ఆవిడ చాలాసేపు చూసి ఒక్క మాట అంది: "ఏమండీ, మన పూండి కూడా మద్రాసు కోసమే కదా కట్టింది. మరి మనకెందుకు ఇట్లా కాలేదు?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

ముందు పూండి సంగతి. కొసస్థలై ఏటికి అడ్డంగా ఈ జలాశయం 1944లో పూర్తయింది. పని మొదలైనప్పుడు మద్రాసు మేయరు ఎస్. సత్యమూర్తి. పట్టుబట్టి పని సాగించిన ఆయన 1943 మార్చిలో కన్నుమూశారు. నీళ్ళు నిండడం చూడలేదు. అందుకే దానికి సత్యమూర్తి సాగర్ అని పేరు. ఈ జలాశయం కింద తిరువెంపాక్కం అనే ఊరు మునిగింది. నాయనార్లు పాడిన క్షేత్రం అది. చూపు కోల్పోయిన సుందరమూర్తి నాయనారుకు స్వామి ఊతకర్ర ఇచ్చాడని స్థలపురాణం. ఊరు మునిగాక స్వామిని పూండి గట్టుకు తరలించారు. ఈ రోజు మనం ఊండ్రీశ్వరర్ కోవెలలో దండం పెట్టుకునేది, ఒక విధంగా, నిర్వాసితుడైన దేవుడికి.

పూండికి నీళ్ళెక్కడివి? నగరి కొండల వైపు నుంచి వచ్చే నగరి ఏరు కొసస్థలైలో కలిసి పూండిలోకి వస్తుంది. అంటే కృష్ణ నీళ్ళు రావడానికి యాభై ఏళ్ళ ముందు నుంచే తెలుగు నేల మీద పడిన వాన మద్రాసు కుండల్లోకి చేరుతోంది. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ప్రకారం, మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు వైపు ఊళ్ళు చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రకు పోయాయి. మనుషుల మధ్య గీత అటూ ఇటూ జరిగింది గానీ, ఏరు ఆ గీతను పట్టించుకోలేదు.

తర్వాత తెలుగుగంగ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీల కృష్ణ నీళ్ళు మద్రాసు తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. దారిలో ఆవిరికి 3 టీఎంసీలు తీసేసి, సరిహద్దు దగ్గర 12 అందాలి. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వెలుగోడు, బ్రహ్మంసాగర్, పెన్న మీది సోమశిల, ఆ తర్వాత కండలేరు. కండలేరు నుంచి పూండికి 177 కిలోమీటర్ల కాలవ. అందులో 152 ఆంధ్రలో, 25 మన జిల్లాలో. 1996 సెప్టెంబరులో తొలిసారి నీళ్ళు ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటాయి. మొదటి ఏళ్ళలో గట్లు జారి, నీళ్ళు ఇంకిపోయి, చేరేవి తక్కువగా ఉంటే, పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 2002 తర్వాత కాలవను బాగుచేయించింది. ఆ కాలవలో సాగు వాటా కూడా ఉంది. రాయలసీమ, నెల్లూరు పొలాలకు నీళ్ళిస్తూ వచ్చేలా రూపుదిద్దారు.

తేడా ఇక్కడుంది. లాస్ ఏంజిలిస్ మాట దాచి కొనుక్కుంది. మద్రాసు కోసం నాలుగు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. ఓవెన్స్ లోయ రైతుకు దారిలో ఏమీ మిగల్లేదు. తెలుగుగంగ దారిలో రైతుకూ వాటా పెట్టారు. నష్టం లేదని కాదు. శ్రీశైలం జలాశయం కింద దాదాపు నూరు ఊళ్ళు మునిగాయి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తీసుకెళ్ళి కట్టారు. అంటే పూండి నీళ్ళ వెనుక ఊరు మారిన దేవుళ్ళు ఇద్దరున్నారు, తిరువెంపాక్కంలో ఒకరు, కూడవెల్లిలో ఒకరు.

మా ప్రయాణం చివరి మజిలీ హూవర్ డ్యామ్. 1935లో రూజ్‌వెల్ట్ ప్రారంభించారు. ఎత్తు 221 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124. పై నుంచి చూస్తే మీడ్ జలాశయం చుట్టూ కొండల మీద తెల్లటి చార, నీళ్ళు ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేవో చెబుతూ. 2022 వేసవిలో ఆ జలాశయం 1937 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పోయింది. కారణం ఎండలు మాత్రమే కాదు, కాగితం కూడా. 1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడో నదిని పంచుకున్నప్పుడు, బాగా వానలు పడిన ఏళ్ళ లెక్క పట్టుకుని 150 లక్షల ఎకరం-అడుగులు రాసుకున్నాయి. మన లెక్కలో అది సుమారు 653 టీఎంసీలు. 1944లో మెక్సికోకు ఇంకో 15 లక్షల ఎకరం-అడుగులు ఒప్పుకున్నారు. నదిలో అన్ని నీళ్ళు లేవు. ఆ నది ఒడ్డున వేల ఏళ్ళుగా ఉన్న ఆదివాసీ జాతులను అసలు ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టనే లేదు. పోల్చి చూడండి: బచావత్ ట్రిబ్యునల్ కృష్ణను పంచింది 2,060 టీఎంసీలకు, కొలరాడో లెక్కకు మూడింతలు. అదీ నూటికి డెబ్బయి అయిదేళ్ళు తప్పక వస్తాయన్న నీళ్ళనే లెక్కలోకి తీసుకుని. అంత జాగ్రత్త పడినా మన 12 టీఎంసీలు చాలా ఏళ్ళలో పూర్తిగా రాలేదు. కాగితం మీది నీళ్ళు కుండలోకి రావాలంటే పైన వాన పడాలి, మధ్యలో మాట నిలబడాలి.

మరి మా ఆవిడ ప్రశ్నకు జవాబు? పూండి విషయంలో మనం ఓవెన్స్ లోయ కాలేదు, నిజమే. అయితే మన జిల్లాలోనే ఇంకో కథ నడుస్తోంది. మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం వైపు దశాబ్దాలుగా నగరం కోసం బోర్లు తోడుతున్నారు. కరువు ఏళ్ళలో రైతులు పైరు మానుకుని బావి నీళ్ళు అమ్ముకున్నారు. లారీ నింపితే చేతికి వచ్చే డబ్బు, వరి వేస్తే వచ్చేదానికన్నా నమ్మకమైనది. ఆ రైతును తప్పు పట్టలేం. కానీ తోడగా తోడగా మీంజూరు వైపు భూమిలోకి సముద్రపు ఉప్పు ఎక్కింది. అదే మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో 2010 నుంచి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం నడుస్తోంది. నేల కింద ఊరికే దొరికిన మంచినీటిని పోగొట్టుకుని, కరెంటు ఖర్చు పెట్టి సముద్రాన్ని తీపి చేసుకుంటున్నాం. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండి, జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చిన సంగతి మనలో ఎవరూ మరిచిపోలేదు. ఓవెన్స్ లోయ రైతులు కూడా ఎవరికి వారు, మంచి ధరకే, సంతకం పెట్టే అమ్ముకున్నారు. అందరి సంతకాలూ కలిపితే లోయ ఎండిందని తర్వాత తెలిసింది.

మన తెలుగువాళ్ళం ఈ కథలో రెండు వైపులా ఉన్నాం. నీళ్ళిచ్చే నేల భాష మనది, నీళ్ళు తాగే రాష్ట్రం మనది. కాలవ తెగినప్పుడు అటువాళ్ళను, అడిగినప్పుడు ఇటువాళ్ళను నిందించడం సులువు. రెండు భాషల్లోనూ పేపరు చదవగలిగిన మనకు ఆ సులువు తగదు. రెండు వైపుల లెక్కా చెప్పగలిగినవాళ్ళు ఈ జిల్లాలో మనకన్నా ఎవరున్నారు?

అందుకని సంఘానికి రెండు విన్నపాలు. ఈసారి పిల్లల విహారయాత్రను ఊత్తుకోట కాలవ దగ్గర మొదలుపెట్టి పూండి గట్టు మీద ముగిద్దాం. నీళ్ళు ఏ ఊళ్ళు దాటి వచ్చాయో పిల్లలే పలక మీద రాయాలి. రెండోది, తిరువెంపాక్కం మునగక ముందు మాటలు తాతల నోట విన్నవాళ్ళు, 1996లో తొలి నీళ్ళు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు, బావి నీళ్ళు అమ్మిన కుటుంబాలవాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఇక్కడ రాయండి. తెలుగులో రాయడం కష్టమైతే అరవంలో రాయండి, తెలుగు చేసే పని నాది. ఓవెన్స్ లోయవాళ్ళు తమ కథ రాసి పెట్టుకున్నారు కాబట్టే, వందేళ్ళ తర్వాత తిరుత్తణి నుంచి వెళ్ళిన మేమిద్దరం దాన్ని చదవగలిగాం.