నోరు విప్పని ఉపన్యాసం

1903 అక్టోబరు 31, శనివారం. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం జరుగుతోంది. పిలుపు అందుకున్నది ఫ్రాంక్ నెల్సన్ కోల్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, సొసైటీకి కార్యదర్శి కూడా. అంశం: పెద్ద సంఖ్యల కారణాంకాలు.

ఆయన లేచి నల్లబల్ల దగ్గరికి నడిచారు. ఉపోద్ఘాతం లేదు, ఒక్క పలకరింపు లేదు. సుద్దముక్క తీసుకుని రెండుకు 67వ ఘాతం లెక్కకట్టారు. జాగ్రత్తగా అందులోంచి ఒకటి తీసేశారు. తేలింది ఇది:

147573952589676412927

మన లెక్కలో దాదాపు 14 లక్షల 75 వేల కోట్ల కోట్లు!

గణితజ్ఞులకు ఇది పాత పరిచయమే. రెండును ఏయే ఘాతాలకు పెంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67 ఉంది. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా ఆ మాట తప్పని నిరూపించాడు. తమాషా ఏమిటంటే, ఈ సంఖ్యను భాగించేది ఒక్కటీ ఆయన చూపలేదు. ఆయన పద్ధతి దొంగతనం జరిగిందని రుజువు చేస్తుంది గానీ దొంగను పట్టివ్వదు.

కోల్ బల్ల మీద ఖాళీ జాగాకు జరిగారు. 193707721ని 761838257287తో గుణించడం మొదలుపెట్టారు, బడిలో నేర్పే పద్ధతిలోనే. మొదటి సంఖ్యలో ఏడు మూడుచోట్ల ఉంది. అంటే 5332867801009 అనే వరుస పక్కకు జరుగుతూ మూడుసార్లు పడాలి. ఎక్కడ ఒక్క అంకె జారినా అంతా వృథా. కూడిక ముగిసింది. అటూ ఇటూ ఒకటే సంఖ్య!

చప్పట్లు మోగాయి. కోల్ పెదవి కదపకుండానే వెళ్లి కూర్చున్నారు. ఎవరూ ప్రశ్న వేయలేదు. ఏమని అడుగుతారు?

ఈ దృశ్యాన్ని లోకానికి చెప్పింది గణితజ్ఞుడు, రచయిత ఇ.టి. బెల్. గణితజ్ఞుల కథలకు కాస్త మసాలా దట్టిస్తాడని ఆయనకు పేరు. కాబట్టి చప్పట్ల మోత కొంత తగ్గించుకుని వినొచ్చు. లెక్కకు మాత్రం ఆ బెడద లేదు. ఎంతకాలం పట్టిందని 1911లో బెల్ అడిగితే, ‘మూడేళ్ల ఆదివారాలు’ అన్నారట కోల్.

అవి గుడ్డిగా వెతికిన ఆదివారాలు కావు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 134 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. అయినా ఆ వరుసలో మొదటి కారణాంకం 14,45,580వ స్థానంలో ఉంది! అందుకే కోల్ వర్గ శేషాలతో, అంటే వర్గ సంఖ్యలను భాగిస్తే మిగిలే శేషాలతో, మళ్లీ జల్లెడ పట్టారు. అదంతా చేత్తో చేసిన లెక్కే.

వెతకడానికి అన్నాళ్లు పట్టినా, సరిచూడటానికి ఒక్క పూట చాలు. ఈ ఆదివారం తీరిక ఉంటే ఫోన్ పక్కన పెట్టి గుణించి చూడండి. గళ్ల కాగితమైతే అంకెలు అటూ ఇటూ పోవు. ఏడుతో వచ్చే వరుస పైన ఇచ్చేశాను, మిగతావి మీరే వేసుకోండి.